పేరు లేని పటం

అందరూ హైటెక్ సిటీ బస్సెక్కే ఆ రోజుల్లో తుకారాం నేరేడ్‌మెట్ ఇంట్లోనే కంప్యూటర్ ముందు పనిచేసేవాడు. మరకేమీ లేకపోయినా, కూర్చునే ముందు చొక్కా అంచుతో తెర తుడిచేవాడు. ఎక్కడో పరిశోధకులు చనిపోయిన మనిషి మెదడును పొరలుపొరలుగా కోసి, ఏ జన్యువు ఏ మూల పనిచేసిందో ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. పనిచేసిన చోట ఎరుపు, లేనిచోట నీలం. హద్దు దాటి ఒలికిన ఎరుపును చెరిపేయడమే తుకారాం ఉద్యోగం. ఎడమ సగం చూసేటప్పుడు మెడ ఎడమకు వాల్చేవాడు, కుడి సగానికి కుడికి. అంతా నీలమే ఉన్న పొర వస్తే మౌస్ మీద చేయి కాసేపు ఊరికే ఆగిపోయేది. తల్లి విజయమ్మ అడిగితే "మెదడు పటం చేస్తున్న" అనేవాడు. ఆమెకు పటమంటే గోడకు వేలాడేదే, పోయినవాళ్లదే.

ఒక మధ్యాహ్నం టీ ఇస్తూ ఆమె అంతా నీలమే ఉన్న తెర వైపు చూసింది. "ఎవరి పటం బిడ్డా?"

"తెల్వదమ్మా. పేరు చెప్పరు, నంబరే ఉంటది."

"అయ్యో, ఎవలు గన్న బిడ్డనో!" అంటూ దేవుడి గూట్లోంచి కుంకుమ తెచ్చి, ఆ నీలం మధ్యలో బొట్టు పెట్టింది. తర్వాత గోడకున్న ఖాళీ మేకును చూసింది. భర్త పోయిన రోజు కొట్టించిన మేకు అది. ఆయన ఫోటో ఒక్కటీ దొరకలేదు.

"మీ నాయినది సుత గిట్ల చెయ్యరాదా బిడ్డా? నీకు వస్తది గద."

తుకారాం చొక్కా అంచుతో తెరంతా తుడిచాడు, ఆ ఒక్క ఎరుపును తాకకుండా.