తులసికోట వైపు గాలి

మా ఇంట్లో కరెంటు పనికి బయటి మనిషిని పిలవడమన్నది లేదు. మా ఆయన కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. చేతిలో టెస్టర్ ఉంటే చాలు, ఊరికంతటికీ తనే కరెంటిస్తున్నట్టు ఉంటారు. నేను ఎగతాళి చేస్తూనే ఉండేదాన్ని. బాత్‌రూములో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడతానన్నప్పుడు మాత్రం చెయ్యలేదు. ఆ ఫ్యాన్ మా అత్తయ్య ప్రాణం కోసం.

మాది వన్ టౌన్‌లో కొండవారగా ఉన్న ఇరుకు ఇల్లు. వంటింట్లో చోటు చాలక గ్యాస్ గీజరు బాత్‌రూములోనే బిగించాం. వానాకాలంలో ఒకరోజు అత్తయ్య స్నానం చేసి వస్తూ గుమ్మంలోనే కూలబడిపోయారు. డాక్టరు గీజరు ఎక్కడుందని అడిగాడు. మూసిన గదిలో ఆ మంట వదిలే విషానికి రంగూ వాసనా ఉండవని, దాన్ని బయటికి మార్చమని, మార్చేదాకా గాలి బయటికి లాగే ఏర్పాటైనా లేకుండా వెలిగించొద్దని గట్టిగా చెప్పాడు. మార్చాలంటే గోడలు తవ్వి పైపులు వెయ్యాలి. ఫ్యాన్ ఒక్క ఆదివారం పని.

ఆ ఆదివారం మా ఆయన వెంటిలేటర్‌లోని గాజు పలకలు ఊడదీసి, ప్లైవుడ్ ముక్కకి గుండ్రంగా కన్నం కోసి ఫ్యాన్ బిగించారు. నడవలో ఉన్న స్విచ్ బోర్డు నుంచి గోడవెంట వైరు లాగారు. తడి చేతులతో ముట్టుకోకూడదని స్విచ్ తలుపు బయటే పెట్టారు. అన్నీ అయ్యాక స్విచ్ వేసి, పేపరు ముక్క ఒకటి ఫ్యాన్ దగ్గర పట్టుకుంటే జాలీకి టపీమని అతుక్కుంది. అత్తయ్య చిన్నపిల్లలా ఇంకోసారి పెట్టమన్నారు.

ఆ వెంటిలేటర్ పక్కింటి పెరట్లోకి ఉంటుంది. సరిగ్గా దాని కిందే వాళ్ళ తులసికోట. పక్కింటి పిన్నిగారూ మా అత్తయ్యా ముప్ఫై ఏళ్ళుగా వరస కలుపుకుని వదినా అంటే వదినా అనుకునేవారు. అటు వెళ్ళిన గిన్నె ఇటు ఖాళీగా వచ్చేది కాదు. అలాంటి పిన్నిగారు ఒకరోజు గోడ దగ్గర నిలబడి, బాత్‌రూము గాలి తులసమ్మ మీదికి వస్తోందనీ దీపం నిలవడం లేదనీ మెల్లగా అన్నారట. ఆ ఫ్యాను దేనికో ఆవిడకి చెప్పడానికి మొహమాటపడిన అత్తయ్య, అన్నం తింటూ ఆ సంగతి చెప్పి, ఫ్యాను మొహం ఇంకోవైపు తిప్పలేవా అని కొడుకుని అడిగారు. మిగతా మూడు వైపులా మన గదులే కదమ్మా అని ఆయన నవ్వేశారు. మాట అక్కడితో తెగిపోయిందనే అనుకున్నాం. మొహమాటానికి పోతే ఏదో అయిందని మనవాళ్ళొక మోటు సామెత చెబుతారు. మా అత్తయ్య ముందు దాన్ని పైకి అనే ధైర్యం నాకెప్పుడూ లేకపోయింది.

కార్తీకం వచ్చింది. కాళ్ళు బాగున్న రోజుల్లో అత్తయ్య తెల్లవారకముందే కృష్ణకి వెళ్ళి మునిగి వచ్చేవారు. మోకాళ్ళు పట్టేశాక ఇంట్లోనే వేడినీళ్ళు పోసుకుని, చివర్లో సీసాలో దాచిన కృష్ణ నీళ్ళు నెత్తిన చల్లుకునేవారు. అదే వేళకి గోడకి అవతల పిన్నిగారు దీపం పెట్టేవారు.

ఒక సోమవారం పొద్దున నేను వంటింట్లో ఉన్నాను. బాత్‌రూములో నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగలేదు. పిలిస్తే పలకలేదు. మా ఆయన తలుపు గడియ విరగ్గొట్టారు. బకెట్టు పొంగి పొర్లుతోంది, గీజరు మండుతూనే ఉంది, ఫ్యాను ఆగి ఉంది, అత్తయ్య గోడకి ఆనుకుని తల వాల్చేసి ఉన్నారు. చుట్టుపక్కల వాళ్ళు వచ్చిపడ్డారు. గ్యాస్ లీకైందేమోనని ఎవరో కరెంటు మెయిన్ ఆపేశారు, ఎవరో చేతికందిన స్విచ్చులన్నీ నొక్కేశారు. ఆసుపత్రిలో చేసేదేమీ లేదన్నారు. వాసన లేని ఆ విషమే.

మూడోరోజు మా ఆడపడుచు అందరి ముందూ అనేసింది. "తెలిసినవాణ్ణి పిలిచి పెట్టించి ఉంటే అమ్మ ఉండేది కదా అన్నయ్యా."

ఆయన లేచి నడవలో స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్ళారు. ఆ రోజు నుంచి బోర్డు విప్పడం, జాయింట్లు చూడడం, కొత్త టేపు చుట్టడం, పేపరు ముక్క పట్టడం. ప్రతిసారీ అది అతుక్కునేది. ఆ సోమవారం ఎందుకు తిరగలేదని నన్నే అడిగేవారు. తర్వాత అదీ మానేశారు. గదిలో లైటు వెయ్యాలన్నా నన్ను పిలవడం మొదలుపెట్టారు. అత్తయ్య పోయిన దుఃఖం కన్నా ఈ మనిషి ఏమైపోతాడోనన్న భయం నన్ను ఎక్కువగా తినేసింది.

పెద్దకర్మ నాడు భోజనాలు వడ్డిస్తుండగా పిన్నిగారు వచ్చారు. అత్తయ్య ఫొటో ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

"మా వదినగారి లాంటి మనిషి మళ్ళీ పుట్టదమ్మా. నేను నోరుజారి ఒక్కసారి అన్న మాటకి, ఈ కార్తీకమంతా నా దీపం వేళకి ఆ ఫ్యాను కట్టేసి గానీ స్నానానికి పోలేదు. మీ దీపం కొండెక్కకూడదు వదినా అనేవారు. ఆ సోమవారం కూడా కట్టేశారు. నా దీపం కదలకుండా నిలబడింది."

సాంబారు బకెట్టు పట్టుకుని వస్తున్న మా ఆయన ఉన్నచోటే ఆగిపోయారు. ఆడపడుచు అన్నయ్య మొహం చూసి తల దించుకుంది. విస్తళ్ళ ముందు చేతులన్నీ ఆగిపోయాయి. పిన్నిగారు మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశారు.

"ఏమ్మా, నేనేమన్నా తప్పుగా అన్నానా?"

నాకు చెప్పెయ్యాలని ఉంది, అరిచెయ్యాలని కూడా ఉంది. ఆయనే పలికారు.

"లేదు పిన్నిగారూ. మీరు భోజనానికి కూర్చోండి."

ఆవిడకి విస్తరి వేసి, సాంబారు ఆయనే వడ్డించారు. ఆ సాయంత్రం ఎవరినీ పిలవకుండా నడవలో లైటు వేసుకుని, ఆ వెలుతురులో కూర్చుని అమ్మ కోసం మొదటిసారి ఏడ్చారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

గీజరు పీకేశాం. ఫ్యాను ఉంది. ఏడాది తిరిగి మళ్ళీ కార్తీకం వచ్చింది. పిన్నిగారి పెరట్లో తులసి దగ్గర ఒక్కరోజూ దీపం వెలగలేదు. ఎందుకని మేము అడగలేదు. మాకూ మొహమాటమే.