ఐదో నెలలో పంటినొప్పి

మా అత్త దేనికీ భయపడే మనిషి కాదు. పాము కనపడితే చీపురు తిరగేసి పట్టుకునేది. ఒకసారి గాలివానకు కాలవ పొంగి ఇంట్లోకి నీళ్ళొస్తే, బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని మా అందరినీ కేకలేస్తూ ముందు నడిచింది. అలాంటి మనిషి నా కడుపు విషయంలో మాత్రం వణికిపోయేది. ఆ వణుకు నాకూ అంటించింది. ఇందులో ఆమె తప్పెంత, నా తప్పెంత అని ఇప్పుడు కూర్చుని తేల్చబోవడం లేదు. నోరు నాది, అబద్ధం చెప్పింది నేను.

మాది చిల్లకూరుకు తూర్పున సముద్రం వైపు ఊరు. బడి, చర్చి ఒకే ఆవరణలో ఉండేవి. నేనూ మా ఆయనా ఆ బడిలోనే టీచర్లం. పెళ్ళయిన రెండో ఏడు నాకు మొదటిసారి నెల తప్పింది. మూడో నెలలో ఒక గురువారం స్త్రీల ప్రార్థనకూటంలో మా అత్త లేచి నిలబడి ఆ సంగతి చెప్పి, గర్భం నిలవాలని అందరినీ ప్రార్థన చెయ్యమంది. ఆ కూటం నడిపేది పట్నం ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు. గురువారం మధ్యాహ్నం ఆమెకు సెలవు, బస్సెక్కి మా ఊరు వచ్చేది. అందరం నర్సక్క అనేవాళ్ళం. ఆమె నా తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించింది. ఎనిమిది రోజులకు గర్భం పోయింది. మరుసటి ఏడు కూడా సరిగ్గా అంతే జరిగింది.

మా అత్త దేవుణ్ణి ఒక్క మాట అనలేదు.

"దేవుడు మంచోడే మే. వినేవోళ్ళే మంచోళ్ళు కాదు," అంది.

దిష్టిని నమ్మకూడదని చర్చిలో చెప్తారు కనక ఆమె దిష్టి అన్న మాట ఎత్తలేదు. మూడోసారి నెల తప్పినప్పుడు మాత్రం తలుపు దగ్గరికి వేసి, "ఏడో నెల దాకా ఎవురికీ చెప్పబాక. మీ అమ్మకు గూడా," అంది. ఊళ్ళో ఎవరికి జలుబు చేసినా కూటంలో లేచి చెప్పే మనిషి ఈ సంగతిని పెదవి దాటనివ్వలేదు. నాది సన్నటి ఒళ్ళు. కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుంటే ఐదో నెలలో కూడా ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ ఐదో నెలలోనే కింది దవడ పన్ను నొప్పి మొదలైంది. అంతకు నెల ముందు నుంచే పళ్ళు తోముకుంటే చిగుళ్ళలో నెత్తురు వచ్చేది. కడుపుతో ఉన్నప్పుడు మామూలే అనుకుని ఊరుకున్నాను. అత్త లవంగం పెట్టింది, ఉప్పునీళ్ళు పుక్కిలించమంది, పసుపు రాసింది. మూడో రోజుకు దవడ ఉబ్బింది. పన్ను తీయించుకుంటానంటే ఒప్పుకోలేదు.

"పంటి నరం పొయ్యి గర్భసంచికి తగులుద్ది. పన్ను లాగితే బిడ్డ కదిలిపోద్ది," అంది.

ఎవరికి అలా అయిందని అడిగితే చెప్పలేకపోయింది. అయినా నేను నమ్మాను. టీచరు ట్రైనింగు చదివిన దాన్ని, పిల్లలకు శరీర భాగాలు పటం పెట్టి చెప్పేదాన్ని, పంటికీ గర్భసంచికీ మధ్య నరం ఉందంటే నమ్మాను. రెండుసార్లు పోగొట్టుకున్న ఆడదానికి నమ్మకం ఇట్టే కుదురుతుంది.

ఐదో రోజుకు వాపు కంటి కింది దాకా పాకింది. నోరు వేలు పట్టేంత మాత్రమే తెరుచుకునేది. ఒళ్ళు కాలిపోతోంది, గంజి కూడా దిగడం లేదు. అప్పుడు మా ఆయన గట్టిగా అడ్డం పడ్డాడు.

"అమ్మా, జొరంతో తిండి ల్యాకుండా ఇట్టా పడుంటే మాత్రం బిడ్డ నిలస్తదా?" అన్నాడు.

అత్త చీర మార్చుకుని బయలుదేరింది. పళ్ళ డాక్టరు పట్నం ఆసుపత్రికి బుధవారాలే వచ్చేవాడు. మా ఆయన బడి చూసుకోవాలి కాబట్టి అత్తే నాతో బస్సెక్కింది. దారిలో నా చెవిలో చెప్పింది: "కడుపు మాట అడిగితే ల్యాదని చెప్పు. ఉండాదంటే పన్ను ముట్టుకోరు. పైగా రేపు గురువారం. ఊరంతా తెలిసిపోద్ది."

పన్ను తియ్యకపోతే విషం బిడ్డకు పాకుతుందని ఒక భయం. తీస్తే బిడ్డ పోతుందని ఒక భయం. ఎవరికన్నా తెలిస్తే పోతుందని ఇంకొకటి. ఆ మూడింటినీ ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రి బల్లమీద కూర్చున్నాను.

చీటీలు రాసేది నర్సక్కే. వయసు రాసింది, జ్వరం చూసింది. కలం ఆపి గొంతు తగ్గించి అడిగింది.

"కడుపుతో ఏమన్నా ఉండావా టీచరమ్మా? మందులిచ్చేదానికి తెలియాల. నాకు చెప్పు."

అత్త కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను లేదక్కా అన్నాను.

"పోయిన నెల ముట్టయినావా?"

"అయినాను."

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, చీటీ రాసి లోపలికి పంపింది.

డాక్టరు మంచివాడు, నెమ్మదస్తుడు. సూది చూపించకుండా వెనక పట్టుకున్నాడు. అయినా చూశాను. అది నా చిగుళ్ళలో దిగుతుంటే నా చెయ్యి దానంతటదే పొట్టమీదికి పోయింది. ఆయన చూస్తాడేమోనని వెంటనే తీసేసి కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. పన్ను లాగుతున్నంతసేపూ కింద ఏదో తెగుతుందని, తొడల మీద తడి తగులుతుందని ఎదురుచూశాను. ఏమీ తెగలేదు. చీము పోయింది, గంటలో నొప్పి సగం తగ్గింది. ఐదు రోజులకు మాత్రలిచ్చారు. గొట్టాల్లా ఉండేవి, సగం ఒక రంగు, సగం ఇంకో రంగు. వాటి గురించి మాకు ఏ భయమూ కలగలేదు. అత్తే వేళ తప్పకుండా గంజి తాగించి దగ్గరుండి మింగించింది.

అంతకు వారం ముందు నుంచే బిడ్డ కదలడం నాకు తెలుస్తోంది. గురువారం ఉదయం కదల్లేదు. పడుకుని చూశాను, నడిచి చూశాను, చల్లటి నీళ్ళు తాగి చూశాను. మధ్యాహ్నం కూటానికి వెళ్ళకపోతే అందరూ అడుగుతారని అత్త లాక్కుపోయింది. నర్సక్క నా పక్కనే చాప మీద కూర్చుని, దవడ మీద చేత్తో తడిమి, వాపు తీసిందే అని సంతోషపడింది. నా బిడ్డ గుండె కొట్టుకుంటోందో లేదో చెవిపెట్టి విని చెప్పగలిగిన మనిషి ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే. మూరెడు దూరంలో ఉంది. చెప్పలేకపోయాను. నిన్న లేదన్న కడుపు ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చిందని చెప్పను? అందరూ కళ్ళు మూసుకుంటే నేను తెరుచుకుని ఆమె చేతుల వంకే చూస్తూ కూర్చున్నాను. ఐదు గంటల బస్సుకు ఆమె వెళ్ళిపోయింది. అంత దిక్కులేనితనం నా జన్మలో మళ్ళీ ఎరగను.

శుక్రవారం రెండో తరగతికి ఎక్కాలు చెప్పిస్తుంటే, ఏడో ఎక్కం మధ్యలో బిడ్డ తన్నింది. బల్ల పట్టుకుని ఏడ్చేశాను. టీచరమ్మకు పన్ను నొప్పి పుడుతోందని పిల్లలు చెప్పుకున్నారు.

ఏడో నెల రాగానే అత్త కూటంలో లేచి గొప్పగా ప్రకటించింది. అందరూ నా వైపు తిరిగారు. నర్సక్క మాత్రం ఒళ్ళో చెయ్యి పెట్టుకుని బొటనవేలితో వేళ్ళ కణుపుల మీద నెలలు లెక్కపెట్టుకుంటోంది. లెక్క ముగించి నన్ను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. అత్త వేళ్ళన్నీ రెండుసార్లు ఎంచి చూసుకుంది. పాపకు ఏడో నెలలో మొదటి పన్ను వచ్చింది. పాలపన్ను తెల్లగా ఉండాలి కదా, అది పసుపుపచ్చగా వచ్చింది. తర్వాతవీ అంతే. పోను పోను టీ మరకలా గోధుమరంగుకు తిరిగాయి. అత్త బొగ్గుపొడితో తోమింది, ఉప్పుతో తోమింది, చివరికి మా పుట్టింటి వైపు పళ్ళే అంత అని తేల్చేసింది. నాకు మాత్రం ఆ సూదే గుర్తొచ్చేది. పళ్ళను ఇలా చేసిన మందు ఇంకేం చేసి ఉంటుంది? నడక కాస్త ఆలస్యమైతే ఎముకలనుకున్నాను. ఒక మాట రెండుసార్లు అడిగితే బుర్ర అనుకున్నాను. ఐదేళ్ళు ఆ పిల్లను ముద్దు చేస్తూనే పరీక్ష పెట్టాను. మా ఆయనకు కూడా చెప్పుకోలేదు.

దానికి ఐదేళ్ళప్పుడు ఒక పన్ను పుచ్చి నొప్పి పుడితే మళ్ళీ అదే ఆసుపత్రికి, ఆ డాక్టరు దగ్గరికే తీసుకుపోయాను. ఆయన జుట్టు నెరిసింది. నర్సక్క పక్కన ట్రే పట్టుకుని నిలబడింది. ఆయన పాప నోరు తెరిపించి, చాలాసేపు చూసి, నా వైపు తిరిగాడు.

"కడుపుతో ఉన్నప్పుడు టెట్రాసైక్లిన్ మాత్రలు వాడారా అమ్మా?"

పేరు తెలియదన్నాను. అలాంటి గొట్టం మాత్రలు ఇక్కడే ఇచ్చారని, పన్ను తీశాక ఐదు రోజులు మింగానని, అప్పుడు నాకు ఐదో నెల అని చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది.

"నేనే ఇచ్చానన్నమాట. ఈ పళ్ళ సంగతి అప్పటికి మాకు సరిగా తెలియదు. అయినా కడుపుతో ఉన్నారంటే ఆ కొత్త మందు ఇచ్చేవాణ్ణి కాదే." నర్సక్క వైపు చూశాడు. "చీటీ రాసేటప్పుడు అడగలేదా?"

"అడిగుండను సార్. ఆ రద్దీలో మర్చిపోయుంటా," అంది నర్సక్క, ట్రే వంకే చూస్తూ.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ క్షణం నాకు హాయిగా అనిపించింది. కొంచెంసేపు అలాగే ఊరుకున్నాను కూడా. తర్వాత ఆమె చెవులు ఎర్రబడటం చూశాను.

"అడిగింది సార్. రెండుసార్లు అడిగింది. నేనే లేదని చెప్పినాను. చెప్తే పన్ను తియ్యరనుకున్నాం," అన్నాను.

డాక్టరు కోప్పడలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చెప్పినా పన్ను తీసేవాణ్ణే అమ్మా. అదే సూది ఇచ్చేవాణ్ణి. అలాంటి చీమును లోపల ఉంచడమే ప్రమాదం, ఐదో నెల అందుకు మంచి సమయం కూడా. ఆ మాత్రల బదులు పెన్సిలిన్ రాసేవాణ్ణి. అంతే తేడా."

ఎముకలు, బుర్ర అన్నీ అడిగాను. పిల్ల బాగానే ఉందని, ఇవి ఊడిపోయాక వచ్చే పళ్ళు తెల్లగానే ఉంటాయని చెప్పాడు. నా ఐదేళ్ళ భయం అక్కడ దిగిపోవాలి. దిగలేదు. ఎందుకంటే కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న పిల్ల అంతా విన్నది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని అడిగింది.

"అమ్మా, నా పళ్ళు ఇట్టా చేసింది నువ్వేనా?"

"అవునమ్మా."

"ఎందుకు?"

"భయమేసి అబద్ధం చెప్పినా."

అది పెదాలు బిగించి నోరు మూసుకుంది. ఇంటికి వచ్చేదాకా ఎంత పలకరించినా తెరవలేదు.

మరుసటి ఏడు ముందు పళ్ళు ఊడి, డాక్టరు చెప్పినట్టే కొత్తవి తెల్లగా వచ్చాయి. అప్పటికే నవ్వు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం దానికి అలవాటైపోయింది.