రంది అని రాసినందుకు...

నేను ఏడో తరగతి చదివే ఏడు... బాపు భూపాలపల్లి బొగ్గుబాయిలో పనికి పోయి మూడు నెలలైనా తిరిగి రాలేదు. కబురు కూడా లేదు.

మాది కురవి దగ్గర పల్లె. పొద్దుగూకాక అమ్మ కంచం ముందు కూర్చుని అన్నం కలిపేది... ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయేది. ఏడ్చేది కాదు. పిలిస్తే రెండో పిలుపుకు పలికేది. ఏమైందంటే "రందైతున్నది" అనేది. "రంది పెట్టుకోకు బిడ్డా, మనిషి సగమైతది" అనేది బాపు వాళ్ళమ్మ.

బడి గోడపత్రికకు అదంతా రాశాను. "బాపు రాక అమ్మకు రంది పట్టుకున్నది" అని మొదలుపెట్టాను.

తెలుగు సారు చదివి నా నెత్తి నిమిరాడు. "దిగులు అని రాస్తే ఇంత బరువు రాదు. ఈ మాట మార్చకు" అన్నాడు. ఆ రోజు నా కాళ్ళు నేల మీద ఆగలేదు.

బడి వార్షికోత్సవంలో దాన్నే నాతో చదివించాడు. అమ్మ వచ్చి ఆడవాళ్ళ వెనక వరుసలో కూర్చుంది. మొదటి వాక్యానికే, ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "రంది ఏంటమ్మా? మీకు తెలుగు చెప్పరా?" అన్నాడు. అందరూ నవ్వారు...

నేను సారు వైపు చూశాను. నాకు చెప్పినట్టే ఆయనకూ చెప్తాడనుకున్నాను.

సారు చేతులు కట్టుకుని లేచి, "నేను దిద్దిన సార్... ఈ పిల్లనే వినలేదు" అన్నాడు.

నన్ను అంటే పడేదాన్ని. కానీ ఊరంతా నవ్వింది మా అమ్మ బాధను చూసి. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

ఇంకో నెలకు బాపు వచ్చాడు. నేను మాత్రం ఆ తర్వాత ప్రతి వ్యాసంలో 'విచారం' అనే రాసి మార్కులు తెచ్చుకున్నాను.

మొన్న జనగామలో సాహిత్య సభకు పోతే వేదిక మీద ఆ సారే... "కంచం ముందట కూసోని తినుడు మరిచేదే రంది. గిది ఏ నిఘంటువుల దొరుకుతది?" అన్నాడు. ఒకటే చప్పట్లు. ఆ మాటలు ఏడో తరగతిలో నేను రాసినవి. దగ్గరికి పోయి పేరు చెప్పాను. "ఏ బ్యాచి అమ్మా?" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

ఇప్పుడు కవితల్లో, కథల్లో, పుస్తకాల అట్టల మీద కూడా రంది కనిపిస్తోంది. ఎవరూ నవ్వడం లేదు. సంతోషమే... కానీ ఆ వార్షికోత్సవం తర్వాత అమ్మ నా ముందు ఆ మాట అననే లేదు. బాపు చనిపోయిన ఏడు కూడా "పానం మంచిగ లేదు బిడ్డా" అనే అన్నది.

చదువుకున్న పిల్లల పరువు పోతుందని మీ ఇంట్లో పెద్దవాళ్ళు మింగేసిన మాటలు ఏవైనా ఉంటే... వాళ్ళనే అడిగి ఇక్కడ రాయండి.