ఆలస్యానికి ఒక కోడ్

కేసు షీట్లు చూసి ఒక్కో జబ్బుకూ దాని కోడ్‌ను కంప్యూటర్‌లో ఎక్కించడం మా ఆసుపత్రిలో నా ఉద్యోగం. గుండెపోటుకొక కోడ్, కుక్కకాటుకొక కోడ్. పెద్దాసుపత్రికి పంపాల్సిన మనిషి అక్కడ బెడ్ దొరక్క మా దగ్గరే ఉండిపోతే దానికీ ఒకటుంది. జబ్బు కోడ్ కింద అది కూడా పెట్టాలని పైనుంచి కొత్తగా ఆర్డరు వచ్చింది. డాక్టరు ఆ మాట షీటులో రాస్తేనే పెట్టాలట. వాళ్లకు ఊపిరి తీసుకునే తీరికే ఉండదు, కాబట్టి నేనే క్యాజువాలిటీకి వెళ్లి రాయించుకోవాలి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే ఇంకొకడు చుట్టకు నిప్పడిగినట్టు ఉండేది నా పని.

ఆ మధ్యాహ్నం అక్కడున్నది ఒక హమాలీ. బేగంబజార్‌లో లారీ మీంచి బస్తాలు దించుతూ పడ్డాడు. తలలో నెత్తురు గడ్డకట్టింది. ఆపరేషన్ మా దగ్గర కాదు. పొద్దుట్నుంచీ పెద్దాసుపత్రికి ఫోన్లు చేస్తుంటే బెడ్ లేదంటూనే ఉన్నారు. పక్కన ఆయన కూతురు నిలబడి ఉంది. జహనుమా నుంచి ఎంత హడావుడిగా వచ్చిందో, రెండు కాళ్లకూ వేర్వేరు చెప్పులు. నేను డాక్టరుతో రెండు ముక్కలు రాయించుకుని అక్కడి కంప్యూటర్‌లోనే కోడ్ ఎక్కించాను.

"ఏం రాసిండ్రు అక్కా?" అని అడిగింది.

"మీ నాన్నగారు పెద్దాసుపత్రిలో బెడ్ కోసం ఆగి ఉన్నారని."

ఆమె ముఖం తేటపడింది. వెంటనే అన్నకు ఫోన్ చేసింది. అతను ఆ ఆసుపత్రి దగ్గరే తెలిసినవాళ్లను పట్టుకోవాలని తిరుగుతున్నాడట.

"అన్నా, కంప్యూటర్ల ఎక్కిచ్చిండ్రు. ఇగ వాళ్లే పిలుస్తరు. నువ్వు ఫికర్ చెయ్యకు, ఇటు వచ్చెయ్."

"అది బెడ్ కోసం కాదమ్మా," అన్నాను. "ఆలస్యమైందని చెప్పడానికి మాత్రమే. నెలాఖరుకు పై ఆఫీసుకు వెళ్తుంది. మీ అన్నను అక్కడే ఉండమను."

"నెలాఖరుకా? గప్పటిదాంక మా బాపు ఆగుతడా?"

నాకు ఒళ్లు మండిపోయింది, ఆమె మీద కాదు. అన్న ఫోన్ కలవడం లేదు. ఆమె నొక్కుతూనే ఉంది. అతను ఈపాటికి ఆటో ఎక్కేసుంటాడేమో.

చివరికి ఆ పెద్దాసుపత్రిలో నాలాంటి పనే చేసే స్నేహితురాలికి ఫోన్ చేశాను. "ఎవరైనా డిశ్చార్జ్ అవుతున్నారేమో చూడవే, నీకు పుణ్యముంటుంది," అన్నాను. విసుక్కుంటూనే వార్డుకు వెళ్లి, ఒక బెడ్ ఖాళీ అవుతోందని చెప్పింది. ఫోన్ డాక్టరు చేతికిచ్చాను. కాసేపటికి అంబులెన్స్ వచ్చింది. ఎక్కబోతూ కూతురు నా నంబరు అడిగి తీసుకుంది.

సీట్లో కూర్చున్నానే గానీ ఒక్క షీటూ ముందుకు సాగలేదు. సాయంత్రం స్నేహితురాలికి మళ్లీ ఫోన్ చేశాను.

"వచ్చాడు. ఆపరేషన్ థియేటర్ ఖాళీ లేదు, బయట స్ట్రెచర్ మీద ఉన్నాడు," అంది.

"మరి ఆ ఆలస్యానికేం కోడ్ పెడతావు?"

"చేరాల్సిన చోటికి చేరాడు కదే. ఇక మేమేం పెట్టం."

బ్యాగు సర్దుకుంటుంటే కూతురు ఫోన్ చేసింది.

"అక్కా, ఈడికొచ్చి మస్తు సేపైంది. కానీ మీ అసొంటోళ్లు ఎవ్వరొచ్చి ఏం రాసుకుంటలేరు. గట్లయితే ఆలస్యం లేనట్టే గదా?"

సర్దిన బ్యాగు పక్కన పెట్టి, ఆయన షీటు మళ్లీ తెరిచాను. "అక్కా, ఉన్నరా?" అని ఆమె అడుగుతూనే ఉంది.