చల్లారకముందే బిగించిన నట్టు

నా చిన్నప్పుడు మా తాతయ్య కారెక్కితే ప్రయాణం సగం రోడ్డు మీద, సగం రోడ్డు పక్కన సాగేది. అప్పటికే పాతబడిన కారు. ఇంజను పొగనంతా పోగుచేసి వెనక గొట్టంలోకి పంపే ఇనుప ముక్కను మెకానిక్కులు మానిఫోల్డ్ అంటారు. దాన్ని ఇంజనుకు పట్టి ఉంచే నట్లు వేడికి సాగి, చల్లారి ముడుచుకుని, తరచూ వదులయ్యేవి. అప్పుడు ముందు నుంచి టపటపమని చప్పుడొచ్చేది.

తాతయ్య వెంటనే కారు పక్కకు తీసి, బానెట్ లేపి, తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు. వేడి మీద తిప్పితే బోల్టు విరుగుతుందని, ఇనుము మీద చెయ్యి ఆనించినా కాలదు అనుకున్నాకే రెంచీ తీసేవాడు. ముందు నడిమి నట్టు, తర్వాత అటూ ఇటూ, అన్నీ కొంచెం కొంచెంగా. ఆయన నట్లు బిగిస్తున్నంతసేపూ మా అమ్మమ్మ వెనక సీట్లో మూతి బిగించుకుని ఉండేది. నాకూ ఎక్కడో స్క్రూ లూజని మా ఇంట్లో అందరూ అనేవాళ్ళు. అందుకేనేమో, ఆ కారంటే నాకు చుట్టరికంలా ఉండేది.

ఒక వేసవి మధ్యాహ్నం అవనిగడ్డ నుంచి కబురొచ్చింది. అమ్మమ్మ వాళ్ళక్కకు ఆఖరి ఘడియలని, చెల్లెల్ని చూడాలని అడుగుతోందని. తల్లి రుబ్బురోలు ఎవరింట్లో ఉండాలన్న పేచీతో అక్కచెల్లెళ్ళకు ఆరేళ్ళుగా మాటల్లేవు. అమ్మమ్మ కట్టుకున్న చీరతోనే కారెక్కింది. నాకు పదేళ్ళు. నేనూ ఎక్కాను.

విజయవాడ దాటి కరకట్ట మీద సగం దూరం పోయామో లేదో, టపటప మొదలైంది. తాతయ్య కారాపి బానెట్ లేపాడు.

“ఏవండీ, ఇవాళ కూడానా?”

“పావుగంట ఓపిక పట్టవే. చల్లారితే రెండు నిమిషాల పని.”

“మీ ఇంజను చల్లారేలోగా అక్కడ మా అక్క చల్లారిపోతుందండీ.”

ఆయన చెంబు తీసుకుని, ఆవిడకు మంచినీళ్ళు తేవడానికి కట్ట దిగువనున్న బోరింగు దగ్గరికి వెళ్ళాడు. అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఆవిడ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. ఇన్నాళ్ళూ పక్కన నిలబడి చూసిన విద్యే కదా అనుకున్నాను. చేతికి తువ్వాలు చుట్టుకుని, రెంచీతో నడిమి నట్టు తిప్పాను. బిగిసింది. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? బంపరు మీద కాలు తన్నిపెట్టి, రెండు చేతులతో ఇంకొంచెం లాగాను.

తుప్పు పట్టిన బోల్టు టక్కున విరిగి నట్టుతో సహా ఊడొచ్చింది.

తాతయ్య వచ్చి నా చేతిలోని ముక్కను చూశాడు. పొగ గొట్టాన్నీ, ఇంజనుకు పెట్రోలు అందించే గొట్టాన్నీ కలిపి పట్టుకున్న బోల్టు అది. అది లేక తెరుచుకున్న సందులోంచి వచ్చే నిప్పు సెగ పెట్రోలుకు తగిలితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఇక కారు కదిలే మాట లేదు. లేపిన బానెట్ అడ్డుగా ఉండటంతో అమ్మమ్మకు మేమిద్దరమూ కనబడటం లేదు. ఆయన నా పిడికిలి విప్పి ఆ ముక్కను తన చేతిలోకి తీసుకుని, గొంతు పెంచి అన్నాడు.

“ఏమేవ్, తొందరపడి విరగ్గొట్టానే.”

లోపల్నుంచి అమ్మమ్మ గొంతు మెల్లగా వచ్చింది. “ముప్పై ఏళ్ళు ఓపిక, ఓపిక అంటూ నన్ను చంపారు. తొందరపడటానికి ఇవాళే దొరికిందా మీకు?”

గంటన్నరకు బస్సొచ్చింది. అవనిగడ్డలో ఆ వీధి మలుపు తిరగకముందే ఏడుపులు వినబడ్డాయి. అరగంట క్రితందాకా పెద్దమ్మమ్మ గుమ్మం వైపే చూస్తూ ఉందని ఎవరో అన్నారు. అనకుండా ఉండాల్సింది.

ఆ తర్వాత అమ్మమ్మ ఆ కారెక్కలేదు. తాతయ్యతో నేరుగా మాట్లాడనూ లేదు. మాటలన్నీ నా మీదుగా నడిచేవి. “మీ తాతయ్యను అన్నానికి రమ్మను.” “మజ్జిగ చాలని మీ అమ్మమ్మతో చెప్పవే.” సెలవులకు వెళ్ళినప్పుడల్లా వంటింటికీ వసారాకీ మధ్య నాదే టపా.

ఒకరోజు వసారాలో ఆయనతో అన్నాను, అమ్మమ్మకు నిజం చెప్పేస్తానని. ఆయన పేపరు మడిచి నా వైపు చూశాడు. “నా మీద కోపంతో ఆవిడ బతికేస్తుందే. నీ మీద కూడా కోపమొస్తే ఇంకెవరితో మాట్లాడుతుంది?”

అది ఆయన నాకు చేసిన దయ. నేను దాన్ని సాకుగా వాడుకున్నాను. నాలుగేళ్ళకు ఆయన పోయాడు. ఆయన పక్కన కూర్చుని అమ్మమ్మ నన్నే అడిగింది, “అంత నిదానస్తుడికి ఆ రోజేం పుట్టిందే?” అని. చుట్టూ జనం ఉన్నారు. తెలియదన్నాను. ఆవిడ ఇంకో పదకొండేళ్ళు బతికింది. జనం లేని మధ్యాహ్నాలు ఎన్నో వచ్చాయి. ప్రతిసారీ ఇంకొన్నాళ్ళు చల్లారనిద్దాం అనుకున్నాను. ఆగాల్సిన రోజున ఆగలేదు. ఆగకూడని పదిహేనేళ్ళు మాత్రం ఎంతో శ్రద్ధగా ఆగాను.

ఇప్పుడు నాకు అమ్మమ్మ పోయిన వయసు. వాళ్ళిద్దరి మధ్య ఉప్పు తక్కువైన సంగతి నుంచి ఒంట్లో బాగోలేని సంగతి దాకా అన్నీ మోశాను. ఒక్క కబురు మాత్రం చేర్చలేదు. దాన్ని అందుకోవాల్సిన మనిషి లేదు. నేనింకా మోస్తూనే ఉన్నాను.