గౌరమ్మ గుంత మన్ను

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాల్చానో లేదో, ఫోను గుర్రుమంది. మా మట్టి సంఘం కార్యదర్శి, నా కళ్లముందు ఉద్యోగంలో చేరి ఇప్పుడు తల నెరిసినవాడు, హిందీలో ఎంతో మర్యాదగా సందేశం పంపాడు. కాలేజీవాళ్లు మన గదిని ఖాళీ చేయమన్నారట, ఇకమీదట సమావేశాలన్నీ కంప్యూటరు తెరమీదే జరుగుతాయట, అల్మారాల్లో ఉన్న మట్టి సీసాలను ఎవరివి వాళ్లు వచ్చి పట్టుకుపోవాలట, మిగిలినవి పారబోస్తారట. ఆ చివరి మాట చదివాక నాకు ఇక నిద్ర పట్టలేదు.

మట్టి సంఘమేమిటి, సీసాలేమిటి అని మీకు నవ్వు రావచ్చు. దానికి పెద్ద పేరే ఉంది, భూసాంకేతిక ఇంజనీర్ల సంఘం, సూరత్ చాప్టరు అని. ఏ కట్టడమైనా నిలబడేది నేలమీద కాబట్టి ఆ నేల గుణం తెలుసుకుని పునాది ఎంత లోతు పోవాలో చెప్పేవాళ్లం మేము. నేను మట్టి పరీక్షల ల్యాబులో ఉద్యోగానికి చేరిన కొత్తలో, చీర కట్టుకుని బోరు గుంతల దగ్గర నిలబడే ఆడమనిషిని ఈ ఊళ్లో వింతగా చూసేవారు గాని, ఆ సంఘంలో మాత్రం తొలిరోజే నన్ను బెన్, అంటే అక్కా, అని పిలిచి కుర్చీ వేశారు. అధ్యక్షులు ఒక గుజరాతీ ప్రొఫెసరు గారు. అందరమూ ఆయన్ను సాహెబ్ అనేవాళ్లం. నెలకొక సాయంత్రం కాలేజీ కింది అంతస్తు గదిలో ఉపన్యాసం, తర్వాత చాయ్, ఈ రెంటికీ మధ్యన మా అసలు వేడుక. ఎవరు ఏ సైటు నుంచి వచ్చినా అక్కడి మట్టి పొట్లం కట్టి తేవాలి, అది చేతులు మారుతూ గదంతా తిరగాలి. వేళ్ల మధ్య నలిపేవారు, వాసన చూసేవారు, చివరికి చిటికెడు పంటికింద వేసుకుని కొరికేవారు. కరకరలాడితే తాపీ నది ఒండ్రు, వెన్నలా జారితే బంకమన్ను. ఇప్పటి పిల్లలు వింటే డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు గాని, ఆ రుచి నాకు ఈనాటికీ నాలుకమీద ఉంది. అలా అందరూ చూశాక ఆ మన్ను ఒక గాజు సీసాలోకి వెళ్లేది, దానిమీద సాహెబ్ చీటీ అంటించేవారు. ఊరంతటి నేల ఆ గది గోడలకు వరసగా నిలబడి ఉండేది.

మాది కరీంనగరు వైపు సాలె కుటుంబం. ఊళ్లో మగ్గం ఆగిపోయాక బాపు, చిన్నాయన సూరత్ వచ్చి సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, కూలికి పనిచేసి, కొన్నేళ్లకు ఆ ఊళ్లోనే నవాగామ్‌లో ఒక సేఠ్ దగ్గర రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని సొంతంగా నాలుగు పాత సాంచెలు పెట్టుకున్నారు. షెడ్డుకు ఆనుకుని రెండు గదులు, వాటిలో మేమందరం. సాంచెల మోతలో పుట్టిన చదువు నాది. పాఠం బట్టీ పట్టాలంటే వాటికంటే గట్టిగా అరవాలి, అందుకేనేమో నా గొంతు ఇప్పటికీ తగ్గదని ఇంట్లో దెప్పుతారు.

నవాగామ్‌లో మా వాడకట్టు నిండా మనవాళ్లే కాబట్టి బతుకమ్మ వచ్చిందంటే అది సూరత్ అని మరిచిపోయేవాళ్లం. ఊరి నుంచి రైల్లో వచ్చేవాళ్లు గోనెసంచుల్లో గునుగు, తంగేడు తెచ్చేవారు, చాలనిదానికి బజారు బంతిపూలు. అన్నీ ఉన్నాయి గాని నీళ్లు లేవు. నది దూరం, కాలువ మురికి. అందుకని మా అవ్వ, మేము అమ్మను అలాగే పిలిచేవాళ్లం, ముందుపడి షెడ్డు గోడ పక్కనున్న ఖాళీ జాగాలో గుంత తవ్వించింది. ఆడవాళ్లందరూ బిందెలతో నీళ్లు పోసి నింపితే, పండుగ చివరి రోజు సద్దుల నాడు బతుకమ్మలను అందులోనే సాగనంపేవారు. పండుగ కాగానే పూడ్చేస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ బతుకమ్మతో పాటు గౌరమ్మ దిగిన చోటును మన్ను వేసి మూయడమేమిటని అవ్వ ఒప్పుకోలేదు. గుంత ఏడాది పొడుగునా అలాగే ఉండేది. వానలకు నిండేది, ఎండాకాలంలో అడుగంటితే అవ్వ తానే రెండు బిందెలు పోసేది. ఆ గట్టుమీద కూర్చుని బియ్యం ఏరుకునేది, ఊరు గుర్తొస్తే అక్కడే ఏడ్చుకునేది. మా అవ్వకు సూరత్‌లో తనదంటూ ఉన్న జాగా అదొక్కటే.

అలా కొన్నేళ్లు గడిచాక షెడ్డు గోడ పగిలింది. మొదట వెంట్రుకంత గీత, తర్వాత వేలు పట్టేంత సందు. లోపల నేల ఒక పక్కకు ఉబ్బి సాంచెలు ఒరిగిపోయాయి, బట్టలో లోపాలు రావడం మొదలైంది. సేఠ్ వచ్చి చూసి, ఇదంతా సాంచెల అదురుకే జరిగిందని తేల్చేశాడు. మషీన్లు తీసేయండి, లేకపోతే షెడ్డు ఖాళీ చేయండి అన్నాడు. ఎక్కడికి పోతాం? నాలుగు సాంచెలు పెట్టనిచ్చే షెడ్డు మళ్లీ దొరకడం మాటలు కాదు. దొరక్కపోతే బాపు, చిన్నాయన ఆ వయసులో మళ్లీ ఒకరి కింద పాళీ, అంటే షిఫ్టు, కూలికి నిలబడాల్సిందే. ఇంట్లో పొయ్యి వెలుగుతున్నా ఎవరికీ ముద్ద దిగేది కాదు.

"సాంచెలు తీసి ఏం తినాలె, మన్ను తినాలెనా?" అని చిన్నాయన గోడను చూసి కసురుకునేవాడు.

అప్పుడే నేను సంఘంలో మా గోడ సంగతి చెప్పాను. మా చాప్టరుకు ఇంకో మంచి అలవాటు ఉండేది. నెలలో ఒక ఆదివారం బీద వాడల్లో గోడలు పగిలిన ఇళ్లకు వెళ్లి ఉచితంగా చూసి సలహా చెప్పేవారు. సాహెబ్, ఇంకో ముగ్గురు స్కూటర్ల మీద మా వాకిట్లో దిగారు. చేతితో తిప్పే బర్మాతో గోడ వెంబడి అక్కడక్కడా రంధ్రాలు వేసి మన్ను పైకి తీశారు, అలవాటు కొద్దీ పంటికింద వేసుకున్నారు. చిన్నాయన నా పక్కన చేరి, "ఇగో, మన్ను తినేటోళ్లు రానే వచ్చిండ్రు" అన్నాడు మెల్లగా. ఆ కష్టంలోనూ నాకు నవ్వు ఆగలేదు. అవ్వ వాళ్లకు సర్వపిండి చేసి పెట్టింది, వాళ్లు దానికి తమ మెంతిరొట్టె పేరు కలిపి తెలుగు థేప్లా అని పేరు పెట్టి మళ్లీ అడిగి తిన్నారు.

తిన్నంతసేపూ వాళ్లు ఆ గుంత వైపే చూడటం నేను గమనించాను.

మరుసటి ఆదివారం సాహెబ్ మళ్లీ వచ్చారు, ఎండబెట్టి జల్లించిన మా మన్నుతోనూ, గీతలున్న రెండు పొడుగాటి గాజు గొట్టాలతోనూ. ఒకదాంట్లో కిరసనాయిలు, ఒకదాంట్లో నీళ్లు పోసి, రెంటిలోనూ మన్ను సమానంగా వేసి, మర్నాటి దాకా ఎవరూ కదపొద్దని చెప్పి కిటికీలో పెట్టి వెళ్లారు. మా ల్యాబులో రోజూ చేసే పరీక్షే అది. కానీ మన ఇంటి కిటికీలో, మన కాళ్ల కింది మన్నుతో చేస్తే అది వేరు. అవ్వ పనులు చేసుకుంటూనే వచ్చి వచ్చి చూసిపోయేది. మర్నాడు కిరసనాయిల్లో మన్ను వేసినంతే ఉంది. నీళ్లలో మన్ను ఉబ్బి దాదాపు రెట్టింపు ఎత్తుకు లేచింది.

సాహెబ్ సేఠ్‌ను కూడా పిలిపించి అందరి ముందూ చెప్పారు. ఇది నల్లరేగడి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. గుంత ఉన్న పక్క ఏడాదంతా తడి, అవతలి పక్క ఎండాకాలమంతా ఎండు, ఈ రెంటి మధ్యన గోడ అడకత్తెరలో పోకచెక్క. పగుళ్లన్నీ గుంత వైపుకే వాలి ఉన్నాయి, సాంచెల తప్పేమీ లేదు. గుంత పూడ్చి, గోడ చుట్టూ సిమెంటు చప్టా వేసి, నీరు దిగకుండా చేస్తే షెడ్డు నిలుస్తుంది. సేఠ్ తల ఊపాడు. గుంత మూస్తే సాంచెలు ఉండొచ్చు అన్నాడు.

సాహెబ్ హిందీలో చెప్పినదంతా నేను అవ్వకు తెలుగులో చెప్పాను. ఆమె నావైపు కాదు, కిటికీలోని గాజు గొట్టం వైపు చూస్తూ, "గౌరమ్మను సాగనంపితే ఇల్లు పగులుతదా బిడ్డా? గిదేం చదువు?" అంది.

చదువు నిజమే చెప్పింది, ఆ మాట నేను ఇవాళ కూడా గట్టిగానే అంటాను. బాపు, "సాంచెలు ఉండనీయే. గౌరమ్మ యాడికన్న వోతది, మనం యాడికి వోతం?" అన్నాడు.

గుంత పూడ్చే రోజున అవ్వ పసుపు కుంకుమ, ఒక బెల్లం ముక్క అందులో వేసింది. మేస్త్రీ మొరం తట్ట ఎత్తబోతుంటే సాహెబ్ ఆగమని, బూట్లు విప్పి, వట్టికాళ్లతో గుంతలోకి దిగి అడుగునుంచి గుప్పెడు నల్లమన్ను తీసి సీసాలో నింపారు. చీటీమీద ఏమని రాయాలని నన్ను కాదు, అవ్వను అడిగారు. ఆమె చెబితే గుజరాతీ అక్షరాల్లో గౌరమ్మ అని రాశారు. మా అల్మారాలో వాడ పేరు కాక దేవత పేరున్న సీసా అదొక్కటే.

ఆ తర్వాతి ఏడు వాడకట్టులోని మన తెలుగువాళ్ల సంఘ భవనంలో పెద్ద ప్లాస్టిక్ టబ్బు పెట్టి నీళ్లు నింపారు. అందరూ ఆడారు, పాడారు, టబ్బులోనే సాగనంపారు. అవ్వ ఒక్కసారి వెళ్లి వచ్చి, మళ్లీ బతుకమ్మను పేర్చలేదు. ఎందుకని అడిగితే, "టబ్బుల ఏసి ఏం సాగనంపుడు, తెల్లారి ఎత్తి పారబోసుడే గదా" అంది. పండుగ నాడు మంచి చీర కట్టుకుని, ఆ సిమెంటు చప్టామీద పీట వేసుకుని ఊరికే కూర్చునేది. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కానీ నేను మట్టి సంఘం సమావేశానికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ చెప్పులు విప్పకముందే అడిగేది, "మన్ను ఉన్నదా?" అని. ఉన్నదవ్వా అనేదాన్ని. మంచం పట్టి మనుషులను పోల్చుకోలేని రోజుల్లో కూడా నా గొంతు వింటే అదే మాట. నేనూ అదే జవాబు.

అంత చేసి నిలబెట్టుకున్న సాంచెలు నిలిచాయా అంటే అదీ లేదు. కొత్తరకం మగ్గాలు వచ్చాక సాంచెల బట్టకు గిరాకీ పోయింది, చివరికి పాత ఇనుము కింద తూకానికి వెళ్లాయి. బాపు అప్పటికి చెవులు వినపడక, అవి లారీ ఎక్కుతున్న చప్పుడు కూడా వినలేదు. షెడ్డు కొట్టేసి సేఠ్ కొడుకులు అంతస్తులు లేపారు. సాహెబ్ పోయారు. చాప్టరులో ఆదివారం గోడలు చూసే అలవాటు ఆయనతోనే పోయింది.

సందేశం వచ్చిన మర్నాడే కాలేజీకి వెళ్లాను. నాతోపాటు వచ్చినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది, అందరమూ మోకాళ్లు పట్టుకుని నడిచేవాళ్లమే. కార్యదర్శి నా సీసాను గుడ్డతో తుడిచి, కాగితంలో చుట్టి, రెండు చేతులతో ఇచ్చాడు. లోపలి మన్ను ఎండి, పగిలి, సీసా గోడలను వదిలేసి నడుమకు ముడుచుకుని ఉంది. మా పాత వేడుకల్లో మిగిలిన ఆ చాయ్ ఒక్కటీ అక్కడే తాగి, ఒకరి సీసాలు ఒకరం చూసుకుని విడిపోయాం.

ఇంటికి పోకుండా ఆటో ఎక్కి నవాగామ్ వెళ్లాను. ఎక్కడిది అక్కడే పోసేసి, అవ్వ అడిగిన మన్నును ఆమె జాగాకే చేరుద్దామని. షెడ్డు ఉన్న చోట కింద దుకాణాలు, ముందు బండ్లు నిలిపే జాగా. గోడ నుంచి గోడ దాకా సిమెంటు దిమ్మలు పరిచారు. సందు ఈ చివరినుంచి ఆ చివరికి రెండుసార్లు తిరిగాను. మెట్లమీద కూరగాయలు తరుగుతున్న ఒకామె, మన వైపు మనిషే, ఎవరు కావాలె పెద్దమ్మా అని అడిగింది. ఎవరూ వద్దు, ఇంత మన్ను పోసేది ఉంది అన్నాను. ఆమె నన్నూ, నా చేతిలోని సీసానూ మార్చి మార్చి చూసింది.

"మన్నా? గీడ మన్ను యాడున్నది పెద్దమ్మా, అంత బ్లాకులే ఏసిండ్రు గదా. గా డస్ట్‌బిన్‌ల ఏసిపో" అంది, పాపం మంచికే.

తిరిగి వస్తుంటే ఆటోలో నాకు ఒకటే ఆలోచన. మా చాప్టరు ఎన్ని ఏళ్లు, ఎన్ని వాడల్లో, ఎంతమందికి ఎన్ని సంగతులు చెప్పింది! లోతు పునాది వేయండంటే వినలేదు, చెరువుల మీద కట్టకండంటే వినలేదు, మన్ను చూపించుకోకుండా అంతస్తులు లేపకండంటే నవ్వారు. గోడ పక్కన సిమెంటు వేయండి, నేలలోకి నీళ్లు దిగనీయకండి అన్న ఆ ఒక్క మాట మాత్రం ఊరు ఊరంతా విన్నది. ఇప్పుడు ఈ ఊళ్లో గుప్పెడు మన్ను పోయడానికి తావు దొరకలేదు, అదీ ఆ మాట చెప్పినవాళ్లలో ఒకదాన్ని, నాకే.

సీసా మా వంటింటి కిటికీలో పెట్టాను. నేను బయటికి వెళ్లి వచ్చి చెప్పులు విప్పేటప్పుడు కళ్లు దానిమీదికే పోతాయి. అడిగే మనిషి లేకపోయినా జవాబు నోటిదాకా వస్తుంది. ఉన్నదవ్వా, మన్ను భద్రంగనే ఉన్నది. పోసేటందుకే జాగ లేదు.