ఎనిమిదీ పదికి ఆఫీసులో ఎవరున్నారు

ఆరేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఈ కథ ఆ రోజే అయిపోయేది.

నాది జమ్మలమడుగు. నాన్న టీచరు. ప్రతి ఆదివారం చర్చిలో అందరితో కలిసి ఒప్పుకోలు ప్రార్థన చదువుతాను. అంతమంది గొంతులు కలిసి చెప్పే పాపాల్లో నాది ఎవరికి వినపడుతుంది? అదొక సుఖం. దేవుడికి వినపడే ఉంటుంది అంటారా? కావచ్చు. కానీ నేను అన్యాయం చేసింది దేవుడికి కాదు. ఖాజా అన్నకు.

ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి పైన మా ఆఫీసు. ఉండేది ముగ్గురం. సారు పనులు తెచ్చేవాడు, కంప్యూటరు పని ఆయనకు రాదు. చేసేది ఖాజా అన్న. నేను అప్పుడే చేరాను. ఒక సంవత్సరం చూస్తాను, కుదరకపోతే ఇంటికొచ్చి బీఎడ్ చదువు అని నాన్న గడువు పెట్టి పంపాడు. ఆ సంగతి ఖాజా అన్నకు చెప్పుకుని ఒకసారి ఏడ్చాను కూడా.

ఆయన నేర్పిన పనే నా కొంప ముంచింది, లేదు, ఆయన కొంప ముంచింది. అదొక టూలు. నల్లటి తెర మీద కమాండు కొట్టాలి. మనకు ఏమేం కావాలో, ఫోటోలు దాచే గది ఒకటి, వెబ్‌సైటు నడిపే మిషను ఒకటి, ఇలా ముందే కోడులో రాసిపెట్టుకుంటాం. కమాండు కొడితే ఆ టూలు మన రాతను టెంప్లేటుగా మార్చి, ఎక్కడో ఉన్న క్లౌడులో అవన్నీ కట్టిపెడుతుంది. మనం రాసిందే దానికి వేదం. రాతలో లేనిది ఉండకూడదు. ఏం మారబోతోందో ముందే చూపించే కమాండు కూడా ఉంది. అది చూడకుండా కట్టే కమాండు కొట్టొద్దని అన్న నాకు ఎన్నిసార్లు చెప్పాడో.

అప్పుడు మా చేతిలో ఉన్న పని కొండాపురం వైపు మునిగిపోయిన ఒక ఊరిది. గండికోట రిజర్వాయరు నీళ్లు వచ్చాక ఊరంతా పునరావాస కాలనీకి వెళ్లిపోయింది. ఆ ఊరివాళ్లు తమ పాత ఇళ్ల ఫోటోలు, గడపల ఫోటోలు, సమాధుల ఫోటోలు ఫోన్లలో పంపుతుంటే మేము ఒక వెబ్‌సైటులో పెట్టేవాళ్లం. వాళ్ల పెద్దలు కొందరు పులివెందులలో స్థిరపడ్డారు. ఒక శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వాళ్లకు చూపించడానికి సారు పొద్దున్నే పులివెందులకు వెళ్లాడు.

చేయాల్సిన పనుల జాబితాలో ఖాజా అన్న పేరు పక్కన ఒకటి ఉంది. పేజీ పైన పాత ఊరి పేరు బదులు కాలనీ పేరు పెట్టాలి, అంతే. అన్న జుమ్మా నమాజుకు వెళ్లాడు. ఆఫీసులో నేనొక్కదాన్నే. ఆయన వచ్చేలోగా నేనే చేసేస్తే? శభాష్ అనిపించుకోవాలని ఆశ. నా బుద్ధి గడ్డి తింది. పేజీ పైన ఒక్కచోట మార్చాల్సిన పేరును కోడంతా వెతికి ఉన్నచోటల్లా మార్చేశాను. ఫోటోలు దాచే గదికి కూడా పాత ఊరి పేరే ఉందని తట్టనే లేదు.

టూలుకు పేరు మార్చడమంటూ ఉండదు. పాత పేరు రాతలో కనపడకపోతే అది పాత గదిని కూల్చేస్తుంది, కొత్త పేరుతో ఖాళీ గది కడుతుంది. సామాన్లున్న గదిని కూల్చకుండా ఒక కట్టడి ఉంటుంది. మొదట్లో పరీక్షల కోసం ఆ కట్టడిని తీసేసింది నేనే. మళ్లీ పెట్టమని అన్న చెప్పాడు. మర్చిపోయాను. మార్పులు చూపించే కమాండు కొట్టలేదు. సరాసరి కట్టే కమాండే కొట్టాను. తెర మీద అన్నీ పచ్చగా వచ్చాయి, పని అయిపోయినట్టు. పైన కొత్త పేరు చూసుకుని మురిసిపోయి డబ్బా తెరిచి అన్నం తిన్నాను.

మూడింటికి పులివెందులలో, ఆ పెద్దల ముందు, ఫోటోలుండాల్సిన చోటల్లా ఖాళీ గళ్లు. వేరే కాపీ లేదు.

సాయంత్రం సారు వచ్చేసరికి ఖాజా అన్న లాగ్ తెరిచి కూర్చుని ఉన్నాడు. ఎవరు ఎప్పుడు ఏం చేశారో రాసుకునే చిట్టా అది. మాకున్నది ఒక్కటే ఖాతా, అన్న పేరు మీద. ఆ ఖాతా తెరిచే ఆయన కీనే నా ల్యాప్‌టాపులోనూ వేసుకున్నాం. చిన్న ఆఫీసుల్లో ఇంతే. అందుకే చిట్టాలో ఆయన పేరే ఉంది. పక్కన టైము, ఎనిమిదీ పది.

సారు తెర మీదకు వంగి చూశాడు. "ఏమప్పా ఖాజా, ఎనిమిదీ పదికి ఆఫీసులో ఎవురుంటారు? నువ్వే కదా తలుపు తీసేది. ఈ పాప బస్సు దిగేసరికి తొమ్మిదిన్నర."

అది మన టైము కాదు. ఆ చిట్టాలో గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక నడుస్తుంది. ఎనిమిదీ పది అంటే మనకు మధ్యాహ్నం ఒకటీ నలభై. ఖాజా అన్న మసీదులో ఉన్న టైము. ఆ లెక్క నాకు నేర్పింది ఖాజా అన్నే. సారుకు తెలియదు. మా ఇద్దరికీ తెలుసు.

అన్న నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే బాగుండేది.

"పాపా, నువ్వేమన్నా కొట్టినావా?"

"లేదన్నా."

అన్న మళ్లీ తెర వైపు తిరిగాడు. ఒక్క మాట, "సార్, అది మన టైము కాదు" అని ఆయన అన్నా చాలు. నేను అన్నా చాలు. ఇద్దరమూ అనలేదు. ఆయన ఎందుకు అనలేదో నాకు తెలుసు, నాన్న పెట్టిన గడువు ఆయనకు గుర్తుంది. నేను ఎందుకు అనలేదో కూడా తెలుసు, ఆ రెండూ ఒకటి కావు.

"కీ నాది సార్. నాదే తప్పు" అన్నాడు.

సోమవారం నుంచి రాలేదు. ఊరినిండా పాకిపోయింది, ఆ ఊరి ఫోటోలు పోగొట్టినోడని. ప్రొద్దుటూరులో ఎవరూ పని ఇవ్వలేదు. కువైట్‌కు పోయి అక్కడ ఒక ఇంట్లో డ్రైవరుగా చేస్తున్నాడు. కంప్యూటరు ముట్టుకుంటే ముఖం వెలిగిపోయే మనిషి. ఆయన కుర్చీ నాకిచ్చారు. కూర్చున్నాను. ఛీ, ఏం మనిషిని నేను?

ఫోటోలు మళ్లీ పంపమని అందరికీ ఫోన్లు చేసింది కూడా నేనే. కొందరు పంపారు. ఒక అవ్వ మాత్రం, "మా ఆయప్ప సమాధి ఫోటో అదొక్కటే ఉన్నింది మ్మా. ఆ ఫోన్ చెడిపోయ. మళ్లీ తీద్దామంటే సమాధి యాడుంది, నీళ్ల కింద ఉంది" అంది. తర్వాత నన్నే ఓదార్చింది, ఎవరో చేసినదానికి నువ్వేం చేస్తావులే అని.

ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న సాకు ఒకటుంది. అన్న తనంతట తనే మీద వేసుకున్నాడు, నేను అడగలేదు కదా అని. ఆ సాకు నిన్నటితో చెల్లిపోయింది. నిన్న ఆఫీసులో ఒక కొత్తమ్మాయి చేరింది. చేరినవాళ్లందరికీ చెప్పే మాటే సారు ఆ అమ్మాయికీ చెప్పాడు. "చూడకుండా కమాండు కొట్టొద్దు. ఖాజా అని ఒకడుండె, వాని మాదిరి చేస్తే శానా ఇబ్బంది పడతాం." ఆ అమ్మాయి పుస్తకంలో ఖాజా అని రాసుకుంది. సారు నా వైపు చూసి, "ఏం మ్మా, అవునా కాదా?" అన్నాడు. నేను తల ఊపాను. ఎవరూ బలవంతం చేయలేదు. నా ఉద్యోగం ఇప్పుడు ఎక్కడికీ పోదు. అయినా ఊపాను.

ఖాజా అన్న నంబరు నా దగ్గర ఉంది. చాలాసార్లు తీశాను. ఆయనకు ఏం చెప్పను? ఆయనకు ఆ సాయంత్రమే తెలుసు. నన్ను అడిగింది తెలుసుకోవడానికి కాదు. తెలియనిది సారుకు, ఆ అవ్వకు, వాళ్ల నాన్న తప్పు చేసి పోయాడని బడిలో విని పెరుగుతున్న ఖాజా అన్న పిల్లలకు. ఈ రాసిందంతా సారుకు పంపుతానా? పంపుతాననే అనుకుంటున్నాను. ఇంతకుముందూ అలాగే అనుకున్నాను, కాబట్టి నా మాట మీరు నమ్మనక్కర్లేదు.

ఒక్కటి మాత్రం నమ్మండి. ఆ శుక్రవారం ఒకటీ నలభైకి ఖాజా అన్న ఆఫీసులో లేడు. నేనున్నాను. కొట్టింది నేను.